ఎడారిలో ఇల్లు, బోరు నీళ్ల టీడీఎస్ 1,450: సాఫ్ట్‌నరా, ఆర్వోనా, రెండూ కావాలా?

మరుభూమి:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఎడారి అంచున ఉన్న ఇంట్లోకి మారాం. పైపులైను నీళ్లు రావు. ఎక్కువగా బోరు మీదే ఆధారం, అది తగ్గినప్పుడు ట్యాంకర్ తెప్పిస్తాం, ఆ నీళ్లూ ఇదే మేడ మీది ట్యాంకులో పడతాయి. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతోంది, షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయాయి, సబ్బు నురగ రాదు. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇలా వచ్చింది: టీడీఎస్ (కరిగిన ఉప్పులన్నీ కలిపి) 1,450, హార్డ్‌నెస్ 520, ఫ్లోరైడ్ 2.3, నైట్రేట్ 38, ఐరన్ 0.1. పీహెచ్ 7.8.

ఇద్దరిని పిలిచి అడిగాను. ఒకాయన సాఫ్ట్‌నర్ ఒక్కటి పెడితే అన్నీ తీరిపోతాయి, తాగేయొచ్చు కూడా అన్నాడు. ఇంకొకాయన ఇల్లంతటికీ కలిపి పెద్ద ఆర్వో పెట్టాలి, లేకపోతే దండగ అన్నాడు. ఇద్దరూ రిపోర్టు సరిగ్గా చదవను కూడా చదవలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఫ్లోరైడ్ అంకె చూసిన దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

జలపరీక్ష:
ముందు రిపోర్టు తెచ్చుకుని తర్వాత అడిగారు, చాలా మంచి పని చేశారు. చాలామంది చేతిలో టీడీఎస్ మీటర్ పట్టుకుని వస్తారు. ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి దాన్నిబట్టి ఉప్పు ఎంతో అంచనా కడుతుంది, అంతే. ఫ్లోరైడ్ ఉందా, ఆర్సెనిక్ ఉందా, క్రిములున్నాయా అన్నది దానికి తెలియదు. టీడీఎస్ 300 చూపించే నీళ్లలోనూ ఆర్సెనిక్ ఉండొచ్చు.

మీ అంకెల్లో నన్ను ఆపేది ఫ్లోరైడే. డబ్ల్యూహెచ్‌వో మార్గదర్శక విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మీది 2.3. ఎదిగే వయసు పిల్లల పళ్ల ఎనామిల్ మీద దీని ప్రభావం ఎక్కువ. నైట్రేట్ 50 లోపు ఉంది కాబట్టి ఫరవాలేదు, కానీ ఏడాదికోసారి చూసుకోండి. టీడీఎస్ సంగతి ఆరోగ్యం కంటే రుచికి సంబంధించింది, 600 లోపైతే బాగుంటుంది, 1,000 దాటితే నోట్లో పెట్టుకోబుద్ధి కాదు.

మీ రిపోర్టులో లేనివి మూడున్నాయి: ఆర్సెనిక్, యురేనియం, కోలిఫామ్ బ్యాక్టీరియా. ఎడారి భూగర్భ జలాల్లో మొదటి రెండూ అరుదేం కాదు. వాన తక్కువ కాబట్టి నీరు రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచి, ఖనిజాలను కరిగించుకుంటూ పోతుంది, ఆవిరైపోయేది ఎక్కువ, కొత్తగా వచ్చి కలిసేది తక్కువ. ఆర్సెనిక్ హద్దు 0.01, యురేనియం 0.03. ఈ మూడూ తేలాకే డబ్బు ఖర్చుపెట్టండి. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం బోరు దగ్గర ఒక సీసా, వంటింటి కుళాయి దగ్గర ఒక సీసా విడివిడిగా పట్టండి.

ఇంకో మాట, ఈలోగా పిల్లలకు కాచి ఇస్తే చాలనుకోకండి. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ మాత్రం ఆవిరైపోవు, నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. అప్పటిదాకా తాగడానికి వేరే నీళ్లు తెప్పించుకోవడమే మంచిది.

మెత్తనినీరు:
సాఫ్ట్‌నర్ గురించి నేను చెప్తాను. మా ఇంట్లో చాలా ఏళ్లుగా వాడుతున్నాం, తీసేయమంటే తీయను. అయినా మీతో ఆయన చెప్పింది తప్పు.

సాఫ్ట్‌నర్ నీళ్లలో ఉప్పును తగ్గించదు. లోపల ఉండే రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియంను వదులుతాయి. టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది. ఫ్లోరైడ్‌ను అది తాకను కూడా తాకదు. హార్డ్‌నెస్‌లో ఒక మిల్లీగ్రాము తీస్తే సుమారు 0.46 మిల్లీగ్రాముల సోడియం కలుస్తుంది, అంటే మీ 520 మొత్తం తీసేస్తే లీటరుకు 240 దాకా సోడియం అదనంగా చేరుతుంది. బీపీ ఉన్నవాళ్లు, నెలల పిల్లలు ఉన్న ఇంట్లో ఆ నీళ్లు నేరుగా తాగడం ఏం బాగుంటుంది?

కానీ గీజర్‌కు, వాషింగ్ మెషీన్‌కు, కుళాయిలకు సాఫ్ట్‌నర్ పెట్టాల్సిందే. నీళ్లు వేడెక్కినప్పుడే కాల్షియం కార్బొనేట్ ఎక్కువగా పేరుకుంటుంది, అందుకే చల్లనీళ్ల పైపు బాగానే ఉన్నా గీజర్ రాడ్డు పెచ్చు కట్టి కాలిపోతుంది. 180 దాటితేనే బాగా హార్డ్ అంటారు, మీది దానికి దాదాపు మూడింతలు. ఇంకో లాభం, మెత్తబడ్డ నీళ్లు ఆర్వోకు వెళ్తే అందులో ఉప్పును ఆపే పొర, అంటే మెంబ్రేన్ మీద సున్నం పేరుకోదు, దాని ఆయుష్షు పెరుగుతుంది.

తోటపని:
మెత్తనినీరు గారు చెప్పినవన్నీ ఇంటి లోపలికి సరే, బయట కుళాయికి ఆ లైను దయచేసి కలపకండి. సోడియం నేలలో చేరితే మట్టి గట్టిపడుతుంది, నీళ్లు లోపలికి ఇంకవు, పైన పెళుసు పొర కడుతుంది. ఎడారి నేలలకు ఎలాగూ ఉప్పు ఎక్కువ, కడిగేసే వానా లేదు. సాఫ్ట్‌నర్ పెట్టే రోజునే తోటకు విడి పైపు, సాఫ్ట్‌నర్‌కు ముందు నుంచి లాగించండి. తర్వాత గోడలు పగలగొట్టాలంటే ఎవరూ చేయరు, చెట్లే పోతాయి.

సాఫ్ట్‌నర్ రీజనరేట్ అయినప్పుడు, అంటే దాని రెసిన్‌ను ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేసినప్పుడు, బయటికొచ్చే ఉప్పునీళ్లు కూడా చెట్ల పాదుల్లోకి పోకూడదు.

మరుభూమి:
చాలా చాలా థాంక్స్. మిగతా పరీక్షలకు శాంపిల్ ఇచ్చాను. ఒక్క సందేహం. అలాంటప్పుడు ఇల్లంతటికీ ఆర్వో పెట్టేస్తే సాఫ్ట్‌నర్ గొడవా ఉండదు, ఫ్లోరైడ్ గొడవా ఉండదు కదా? డబ్బు సంగతి పక్కన పెట్టి చెప్పండి.

పైపులపని:
డబ్బు పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. ఈ పనిలో ఉన్నవాణ్ణి, అలాంటివి అమర్చాను, తర్వాత వాటిని విప్పడానికీ వెళ్లాను.

మొదటిది నీళ్ల లెక్క. ఇంటికి రోజుకు 500 లీటర్లు అనుకుందాం. వంటింట్లో పెట్టే చిన్న ఆర్వోలు సాధారణంగా నాలుగు లీటర్లు తీసుకుని ఒక లీటరు ఇస్తాయి. పెద్దవి కాస్త మెరుగు, సగం దాకా ఇస్తాయి. అంటే పెద్ద యూనిట్ పెట్టినా రోజూ ఇంకో 500 లీటర్లు డ్రైన్‌లోకి పోతాయి. బోరు అడుగంటే చోట, కాళ్లు కడుక్కునే నీళ్ల కోసం అంత వదిలేయడం నా మనసుకు ఒప్పదు. తాగడానికి, వంటకు 20 లీటర్లు చాలు, అప్పుడు పోయేది 60 లీటర్లే, దాన్ని కూడా వాడుకోవచ్చు.

రెండోది, ఆర్వో నీళ్లు లోహాన్ని తింటాయి. వాటిలో కాల్షియం ఉండదు, కార్బన్ డయాక్సైడ్ మెంబ్రేన్ దాటి వచ్చేస్తుంది కాబట్టి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. రాగి పైపులు, ఇత్తడి ఫిట్టింగ్‌ల మీద అది పనిచేస్తుంది. ఇల్లంతా పెడితే ఆ నీళ్లను మళ్లీ కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) ట్యాంకు గుండా పంపాలి, వేరే ట్యాంకులో నిల్వ పెట్టాలి, వేరే పంపుతో ఒత్తిడి ఇవ్వాలి. మూడింటిలో ఏది చెడినా ఇంటికంతటికీ నీళ్లుండవు.

నేనైతే ఇలా పెడతాను. ట్యాంకు నుంచి దిగగానే ఇసుక పట్టే స్పిన్ డౌన్ ఫిల్టర్, కింద వాల్వ్ తిప్పితే చెత్త బయటికి పోయేది. ఆ తర్వాత 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సెడిమెంట్ ఫిల్టర్, సన్న మడ్డి పట్టేది, దాని తర్వాత 5 మైక్రాన్లది. ఇసుక ఎక్కువగా ఉండే చోట నేరుగా 5 మైక్రాన్లు పెడితే ఒక్క ధూళి తుఫానుకే బిగుసుకుపోతుంది. అక్కడి నుంచి తోట లైను విడిపోవాలి, మిగిలింది సాఫ్ట్‌నర్‌కు, అక్కడి నుంచి బాత్రూములు, గీజర్, మెషీన్. వంటింటి సింకు కింద కార్బన్ ఫిల్టర్, ఆర్వో, చివర కాల్సైట్ గుళిక.

కార్బన్‌ను అలంకారం అనుకుని ఎవరూ తీసేయకండి. మీకు ట్యాంకర్ నీళ్లు కూడా వస్తాయి, వాటిలో క్లోరిన్ ఉంటుంది. ఇప్పుడు దొరికే పలచటి పొర మెంబ్రేన్లు క్లోరిన్ తగిలితే పాడైపోతాయి, ఒకసారి పోతే ఏం చేసినా తిరిగి రావు.

ఇంకోటి మర్చిపోయాను. మేడ మీది ట్యాంకు ఒత్తిడితో ఆర్వో నడవదు. మీ నీళ్లకు ఆస్మాటిక్ పీడనమే, అంటే మెంబ్రేన్ దాటించడానికి ముందు గెలవాల్సిన ఎదురు ఒత్తిడే, సుమారు 14, 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉంటుంది, ప్రతి 100 టీడీఎస్‌కు ఒక పీఎస్ఐ చొప్పున. మూడు మీటర్ల ఎత్తు ట్యాంకు ఇచ్చేది నాలుగు పైచిలుకే. బూస్టర్ పంపు లేకుండా అమర్చి, చుక్కలు చుక్కలుగా వస్తున్నాయని మెంబ్రేన్ మార్చేవాళ్లను చూశాను. తప్పు మెంబ్రేన్‌ది కాదు.

పాతనీరు:
క్లోరిన్ గురించి ఒక మాట కలుపుతాను. క్లోరిన్ ఆర్వోకు మంచిదే, క్రిములు పట్టనివ్వదు అని కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. అది ఊరికే అన్న మాట కాదు. 1960 ప్రాంతంలో లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేసిన తొలి పనికొచ్చే మెంబ్రేన్లు సెల్యులోజ్ ఎసిటేట్‌వి, అవి కొంత క్లోరిన్‌ను తట్టుకునేవి, పైగా క్లోరిన్ లేకపోతే బ్యాక్టీరియా వాటిని తినేసేది. ఇప్పుడు ఇళ్లలో పెట్టేవి దాదాపు అన్నీ పాలిఅమైడ్ పొరవి. ఉప్పును ఇంకా బాగా ఆపుతాయి, క్లోరిన్‌కు మాత్రం ఓర్చుకోవు. సలహా పాతది, వస్తువు మారింది.

ఎండకాలం:
ఇంతమంది రాశారు, వేడి గురించి ఒక్కరూ చెప్పలేదు. ఎడారిలో అసలు తేడా అక్కడే ఉంది.

ఆర్వో డబ్బా మీద రాసే అంకెలన్నీ 25 డిగ్రీల నీళ్లకు. మేడ మీద నల్లట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. చాలా ఇంటి మెంబ్రేన్లకు గరిష్ఠ హద్దు 45 డిగ్రీలు, అది దాటితే పొర దెబ్బతింటుంది. హద్దు లోపున కూడా డిగ్రీకి సుమారు మూడు శాతం చొప్పున నీళ్లు ఎక్కువ వస్తాయి, దాంతోపాటు ఉప్పూ ఎక్కువ జారుతుంది. వేసవిలో ఆర్వో చాలా వేగంగా నింపేస్తోందని సంతోషపడేవాళ్లు అప్పుడు టీడీఎస్ కూడా చూసుకోవాలి.

చేయాల్సింది కష్టమేం కాదు. ట్యాంకుకు నీడ కట్టించండి, చుట్టూ ఇన్సులేషన్ చుట్టండి, ఎండ పడే పైపులకు కూడా. ఆర్వోకు ఒక టైమర్ పెట్టి తెల్లవారుజామున మాత్రమే నడిచేలా చూడండి, ఆ సమయానికి నీళ్లు చల్లబడి ఉంటాయి. సింకు కింది చిన్న ట్యాంకు పగటికి సరిపోతుంది. గోడ అవతల ఎండ తగిలే చోట ఆర్వో యూనిట్ పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది వద్దేవద్దు.

వేడి నీళ్లలో క్లోరిన్ కూడా తొందరగా ఎగిరిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియాకు హాయిగా పెరిగే వేడి 25 నుంచి 45 డిగ్రీల మధ్యే. ఎండలో నిలిచిన ట్యాంకు సరిగ్గా అక్కడే ఉంటుంది. తాగితే వచ్చేది కాదు, షవర్ తుంపరలు పీలిస్తే వస్తుంది, అందుకని గీజర్‌ను మాత్రం 60 డిగ్రీల దగ్గర ఉంచండి. కుళాయి దగ్గర చల్లనీళ్లు కలిసే మిక్సర్ పెట్టించండి, పిల్లల చేతులు కాలకుండా.

తోటపని:
పైపులపని గారూ, ఆర్వో వదిలేసే నీళ్లు వాడుకోవచ్చు అన్నారు. దేనికి? చెట్లకు అని చాలామంది చెప్తారు, నాకు నమ్మకం లేదు.

పైపులపని:
చెట్లకే అనుకుని రాశాను, మీరు అడిగాక లెక్క వేసి చెప్తున్నా. మూడు లీటర్లు లోపలికి వెళ్లి ఒకటి మంచినీళ్లుగా వస్తే, 1,450లో దాదాపు అంతా మిగతా రెండు లీటర్లలోకి చేరుతుంది. అది 2,140 అవుతుంది. ఫ్లోరైడ్ 3.3 దాటుతుంది. నాలుగుకు ఒకటి వచ్చే యూనిట్ అయితే 1,900 దగ్గర ఉంటుంది. ఖర్జూరం, గన్నేరు లాంటివి తట్టుకుంటాయి, కూరగాయలు, నిమ్మజాతి చెట్లు తట్టుకోవు.

తోటపని:
అదొక్కటే కాదండీ. మీరు గీసిన వరుసలో ఆర్వోకు వెళ్లేది సాఫ్ట్‌నర్ నీళ్లు. అంటే వదిలేసే నీళ్లలో ఉన్నదంతా సోడియమే, కాల్షియం లేదు. ఉప్పు ఎంత ఉందన్నదానికంటే ఏ ఉప్పు ఉందన్నది నేలకు ముఖ్యం. కాల్షియం తోడుంటే మట్టి వదులుగా ఉంటుంది, ఉత్త సోడియం అయితే బిగుసుకుపోతుంది. ఖర్జూరం తట్టుకున్నా దాని కింది మట్టి తట్టుకోదు.

మెత్తనినీరు:
ఇది నేను ఆలోచించని కోణం, నిజంగా బాగా చెప్పారు. అయితే దారి రెండు రకాలు అవుతుంది. వదిలిన నీళ్లు చెట్లకు కావాలంటే ఆర్వోను సాఫ్ట్‌నర్‌కు ముందు లైను మీద పెట్టాలి, పెచ్చు కట్టకుండా రికవరీ (లోపలికి వెళ్లిన నీళ్లలో మంచినీళ్లుగా వచ్చే వంతు) పాతిక శాతం దగ్గరే ఉంచాలి, పెచ్చును అడ్డుకునే యాంటీస్కేలెంట్ గుళిక పెట్టాలి, మెంబ్రేన్ కాస్త త్వరగా మార్చడానికి సిద్ధపడాలి. అలా కాదనుకుంటే సాఫ్ట్‌నర్ తర్వాతే పెట్టి, వదిలిన నీళ్లన్నీ టాయిలెట్ ఫ్లష్‌కు, నేల తుడవడానికి వాడుకోవాలి. 60 లీటర్లంటే ఇంటి ఫ్లష్‌కే చాలా వరకు సరిపోతాయి, నా ఓటు దీనికే.

తోటపని:
నా ఓటు కూడా. తోటకు మామూలు బోరు నీళ్లు పెట్టుకుంటాం. వాటిలో కాల్షియమైనా ఉంది.

కూలర్‌గాలి:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి, ఎడారి ఇళ్లలో నీళ్లు ఎక్కువగా తాగేది కూలరే. కూలర్‌కు సాఫ్ట్‌నర్ నీళ్లు పెట్టాలా, మామూలువా? మా ప్యాడ్లు రాయిలా అయిపోతున్నాయి.

జలపరీక్ష:
కూలర్‌లో ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా తొట్టిలోనే ఉండిపోతుంది. రోజు గడిచేకొద్దీ చిక్కబడుతుంది. మెత్తని నీళ్లు పోస్తే రాయిలాంటి పెచ్చు బదులు మెత్తటి తెల్ల పొడి వస్తుంది, కడిగితే పోతుంది, కానీ ఆ ఉప్పు ఇనప భాగాలను తొందరగా తుప్పు పట్టిస్తుంది. అసలు మందు ఏమిటంటే తొట్టిలో నీళ్లు కొంచెం కొంచెంగా బయటికి పోయేలా సన్నటి పైపు పెట్టడం, వారానికోసారి మొత్తం ఖాళీ చేయడం. ఇప్పటికే కట్టిన పెచ్చుకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి నానబెట్టండి. దానికీ కరగని గాజులాంటి పొర ఉంటే అది సిలికా, ఎడారి నీళ్లలో అదీ ఉంటుంది, దాన్ని గీకడం కంటే ప్యాడ్ మార్చడం సులువు.

సౌరజలం:
కరెంటు సరిగా లేని చోట ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నా. ఎండ పుష్కలంగా ఉన్న చోట సోలార్ స్టిల్‌ను తీసిపారేయకండి. నల్లటి తొట్టిలో నీళ్లు, పైన వాలుగా గాజు పలక, ఆవిరి గాజుకు చల్లబడి అంచు వెంట జారి సీసాలో పడుతుంది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్, ఉప్పు అన్నీ తొట్టిలోనే ఉండిపోతాయి. మెంబ్రేన్ లేదు, పంపు లేదు. మంచి ఎండలో చదరపు మీటరుకు రోజుకు మూడు నుంచి అయిదు లీటర్లు. అంటే ఒక మనిషి తాగడానికి ఒక పలక.

ఇదేం కొత్త సరదా కాదు. 1872లో ఇప్పటి చిలీ దేశపు అటకామా ఎడారిలో లాస్ సాలినాస్ అనే గని ఊళ్లో ఛార్లెస్ విల్సన్ అనే ఇంజినీరు సుమారు 4,700 చదరపు మీటర్ల గాజు కింద ఇదే పని చేయించాడు. గని నీళ్లు తాగలేనంత ఉప్పగా ఉంటే, రోజుకు ఇరవై వేల లీటర్లకు పైగా మంచినీళ్లు వచ్చేవి. గని పనివాళ్లు, సామాను లాగే పశువులు ఆ నీళ్ల మీదే బతికారు.

ఒక జాగ్రత్త. గాజు మీద దుమ్ము పడితే దిగుబడి పడిపోతుంది, రోజూ తుడవాలి. తొట్టి అడుగున పేరుకున్న ఉప్పును కూడా అప్పుడప్పుడు కడిగేయాలి.

కొత్తకాపురం:
పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పోసి ఎండలో పెడితే శుద్ధి అవుతాయంటారు, అదీ ఇదీ ఒకటేనా?

సౌరజలం:
కాదండీ. అది క్రిములకు మాత్రమే. తేటగా ఉన్న నీళ్లను పెట్ సీసాల్లో పోసి మంచి ఎండలో ఆరు గంటలు పెడితే అతినీల కిరణాలు, వేడి కలిసి బ్యాక్టీరియాను చంపుతాయి. ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కడివక్కడే. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు వడకట్టాలి.

మరుభూమి:
ల్యాబ్ నుంచి మిగతా రిపోర్టు వచ్చింది. ఆర్సెనిక్, యురేనియం హద్దుల లోపే ఉన్నాయి, గుండె కుదుటపడింది. కానీ కోలిఫామ్ బోరు శాంపిల్‌లో లేదు, వంటింటి కుళాయి శాంపిల్‌లో ఉంది! జలపరీక్ష గారు రెండు సీసాలు విడిగా పట్టమన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున చేతివేలి మందాన మెత్తటి ఇసుక, ఓవర్‌ఫ్లో పైపుకు జాలీ లేదు, ఒక పక్షి ఈక కూడా తేలుతోంది. ట్యాంకు వెయ్యి లీటర్లది. ఏం చేయాలి?

పైపులపని:
బోరు బాగుంది కాబట్టి పని తేలిక. ముందు ట్యాంకు ఖాళీ చేసి ఇసుక మొత్తం తీసి లోపల బ్రష్‌తో రుద్ది కడగండి. మడ్డి ఉండగా క్లోరిన్ పోస్తే అది మడ్డికే ఖర్చైపోతుంది. తర్వాత నిండా నీళ్లు పట్టి, వాసన కలపని మామూలు బ్లీచ్, 5 శాతంది, ఒక లీటరు పోయండి. వెయ్యి లీటర్లకు ఒక లీటరు అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. ప్రతి కుళాయీ తిప్పి బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి, రాత్రంతా అలాగే ఉంచండి, పొద్దున ఖాళీ చేసి రెండుసార్లు కడిగి నింపుకోండి. సాఫ్ట్‌నర్, ఆర్వో ఉన్న ఇళ్లలో అయితే వాటిని బైపాస్‌లో పెట్టి, అవి పూర్తిగా పక్కకు తప్పుకున్నాకే ఇది చేయాలి. బ్లీచ్‌తో ఇంకే క్లీనర్‌నూ కలపకండి. ఆ నీళ్లను చెట్లకు వదలొద్దు, సెప్టిక్ ట్యాంకులోకి ఒక్కసారిగా పోనివ్వొద్దు, అందులో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

తర్వాత ఓవర్‌ఫ్లో పైపుకు, గాలి పైపుకు సన్నటి స్టీలు జాలీ, మూతకు రబ్బరు అంచు. ఇవి లేకపోతే మళ్లీ ధూళి రాగానే మొదటికొస్తుంది. పది రోజుల తర్వాత కోలిఫామ్ పరీక్ష ఇంకోసారి.

మెత్తనినీరు:
ట్యాంకులో ఒకసారి కోలిఫామ్ కనబడింది కాబట్టి ఆర్వో తర్వాత యూవీ (క్రిములను చంపే అతినీల కిరణాల దీపం) కూడా పెట్టుకోండి. కార్బన్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి అక్కడి నుంచి నీళ్లకు కాపలా ఉండదు, సింకు కింది ట్యాంకులో క్రిములు పెరగొచ్చు. యూవీని ఆ ట్యాంకు తర్వాత, కుళాయికి ముందు పెట్టాలి. ఆర్వోకు ముందు పెడితే హార్డ్ వాటర్ పెచ్చు గాజు గొట్టం మీద కట్టి వెలుతురు లోపలికి పోదు, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది, పనిచేస్తోందనుకుంటాం. దీపం నీలంగా కనబడినా సుమారు 9,000 గంటలకు, అంటే ఏడాదికి, దాని బలం తగ్గిపోతుంది, మార్చాల్సిందే.

మరుభూమి:
అలాగే చేస్తాను. ఆర్వో అమ్మే ఆయన టీడీఎస్ కంట్రోలర్ కూడా పెడతా, నీళ్లు చప్పగా ఉండవు అంటున్నాడు. పెట్టించనా?

జలపరీక్ష:
వద్దు. ఆ కంట్రోలర్ అంటే ఆర్వో దాటిన నీళ్లలో దాటని నీళ్లను కొంచెం కలిపే వాల్వ్. మీ నీళ్లలో టీడీఎస్ 300కు తేవాలంటే ఆరో వంతు ముడి నీళ్లు కలపాలి, అప్పుడు ఫ్లోరైడ్ 0.5 అవుతుంది, అది ఫరవాలేదు. కానీ ఎవరో తెలియక ఆ స్క్రూ ఇంకాస్త తిప్పి 800 చేశారనుకోండి, ఫ్లోరైడ్ 1.3కు చేరుతుంది, ఇంత ఖర్చు పెట్టి మళ్లీ హద్దు పక్కన నిలబడతారు. రుచికి కాల్సైట్ గుళిక చాలు, అది కాల్షియాన్ని మాత్రమే కలుపుతుంది, పీహెచ్‌ను కూడా కొంచెం పైకి తెస్తుంది.

కొత్తకాపురం:
మా ఆర్వోది వేరే బాధ. ట్యాంకు నిండినా డ్రైన్ పైపులో నీళ్లు పోతూనే ఉన్నాయి, రాత్రంతా శబ్దం వస్తోంది. అమర్చినాయన ఫోన్ ఎత్తడం లేదు.

పైపులపని:
సింకు కింది చిన్న ట్యాంకు మీద ఉన్న వాల్వ్‌ను మూసి పది నిమిషాలు ఆగండి. డ్రైన్ ఆగిపోతే ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గిందని అర్థం, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి సైకిల్ పంపుతో 7 పీఎస్ఐ వరకు కొట్టండి. ఆగకపోతే చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) గానీ ఆటో షటాఫ్ వాల్వ్ (ట్యాంకు నిండగానే నీళ్లు కట్టేసేది) గానీ పోయింది. మెంబ్రేన్ హౌసింగ్ నుంచి మంచినీళ్లు బయటికొచ్చే మూతి దగ్గర చిన్న ఎల్బో (వంపు ముక్క) ఉంటుంది, చాలా యూనిట్లలో చెక్ వాల్వ్ అందులోనే. ముందు దాన్ని మార్చి చూడండి, చవకైన ముక్క, అయిదు నిమిషాల పని. సరిచేసేదాకా రాత్రి ఇన్‌లెట్ వాల్వ్ కట్టేసి పడుకోండి. ఎడారిలో అలా పోతున్న నీళ్ల చప్పుడు వినలేం.

కొత్తకాపురం:
ఎల్బో మార్చాను, ఆగిపోయింది! చాలా థాంక్స్ అన్నా.

మరుభూమి:
అప్‌డేట్. అన్నీ అమర్చారు. పైపులపని గారు చెప్పిన వరుసే, తోటపని గారి విడి పైపుతో సహా. వదిలిన నీళ్లు ఫ్లష్ ట్యాంకుకు వెళ్తున్నాయి. ట్యాంకుకు నీడ కట్టించాం. ఆర్వో నీళ్ల ఫ్లోరైడ్ ల్యాబ్‌లో 0.2 వచ్చింది, కోలిఫామ్ లేదు. టీడీఎస్ కాల్సైట్‌కు ముందు 85. కాకపోతే పొద్దున మొదటి గ్లాసు చూస్తే 140 దాకా చూపిస్తోంది, ఎండలు ముదిరాక మామూలుగా కూడా 110కి చేరింది. మెంబ్రేన్ అప్పుడే పోతోందా?

ఎండకాలం:
లేదండీ. నడవకుండా ఆగిన గంటల్లో ముడి నీళ్లలోని ఉప్పు మెంబ్రేన్ గుండా మెల్లగా ఇవతలికి పాకుతుంది, అందుకే మొదటి గ్లాసు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని పారబోయకుండా గిన్నెలు కడగడానికి పెట్టుకోండి. వేసవిలో 85 నుంచి 110 కావడం నీళ్ల వేడి వల్ల, చలికాలంలో దానంతటదే దిగుతుంది. లోపలికి వెళ్లేది 1,450 కాబట్టి 290 దాటితే, అంటే ఉప్పును 80 శాతం కూడా ఆపలేకపోతే, అప్పుడు మెంబ్రేన్ మార్చండి. ముడి నీళ్ల టీడీఎస్ కూడా పక్కనే రాసుకుంటూ ఉండండి, ట్యాంకర్ వచ్చిన వారం అది మారిపోతుంది.